రక్తంలో ఈస్ట్: పేరు తేలేదాకా వదలొద్దు

(తోటపల్లి గూడూరులో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆయన్ను ఎరగనివాళ్ళు ఈ మండలంలో తక్కువ. నలుగురిలో పొగిడితే లేచి బయటికి వెళ్ళిపోయే మనిషి కాబట్టి ఆయన గురించి ఎక్కువసేపు మాట్లాడను. ల్యాబులో ఆయనకొక పట్టుదల ఉండేది. మైక్రోస్కోపులో తాను చూసిందే రిపోర్టులో రాసేవాడు. చూడనిది డాక్టరుగారు అడిగినా రాయడు, చూసింది ఎవరు వద్దన్నా కొట్టేయడు. ఈ సాయంత్రం నేను ఎంచుకున్న విషయానికి ఆ పట్టుదలతో నేరుగా సంబంధం ఉంది. మనిషి రక్తంలోకి ఈస్ట్ చేరితే దాన్ని ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక అది ఏ ఈస్టో ఎలా తేల్చాలి అన్నదే ఆ విషయం.

ఫంగస్ అనగానే మీకు 2021 గుర్తొస్తుంది. కోవిడ్ తగ్గి ఇంటికొచ్చినవాళ్ళకు ముక్కులోనూ కంటి వెనకా బ్లాక్ ఫంగస్ పట్టింది, ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్ల కోసం జనం ఊళ్ళు పట్టుకు తిరిగారు. నేను చెప్పేది దానికి దూరపు చుట్టం. బ్లాక్ ఫంగస్ పోగులు పోగులుగా పెరిగే బూజు. ఈస్ట్ అలా కాదు. ఒంటరి కణం, పక్కన చిన్న మొగ్గ తొడిగి రెండవుతుంది. తాటికల్లును పొంగించేదీ బేకరీలో పిండిని ఉబ్బించేదీ ఈ తరగతిదే. మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద కాండిడా అనే ఈస్ట్‌లు మామూలుగానే ఉంటాయి. బాక్టీరియా మధ్య అణిగిమణిగి బతుకుతాయి. ఒంట్లో బలం, చర్మం, పేగుగోడ బాగున్నంతకాలం వాటివల్ల పెద్ద ఇబ్బంది లేదు.

రోజుల తరబడి ఐసీయూలో ఉన్న మనిషిని తలచుకోండి. మెడ దగ్గర సెంట్రల్ లైన్, పొట్టకు ఆపరేషన్, పదిరోజులుగా హై పవర్ యాంటీబయాటిక్స్. లేదా నెలలు నిండకుండా పుట్టి బాక్సులో పెట్టిన బిడ్డ. లేదా కీమో ఎక్కించాక తెల్లకణాలు పడిపోయిన కేన్సర్ రోగి. వీళ్ళలో ఈస్ట్ పేగు దాటి గానీ, లైన్ వెంబడి గానీ రక్తంలోకి దిగుతుంది. జ్వరం వస్తుంది, తగ్గదు. యాంటీబయాటిక్ మార్చినా తగ్గదు. ఈ జ్వరాన్ని చూసి ఇది బాక్టీరియా, ఇది ఈస్ట్ అని చెప్పగల డాక్టరు లేడు. మంచం దగ్గర కనబడే లక్షణాలు రెండింటికీ ఒకటే. అందుకే ఇది ల్యాబు తేల్చాల్సిన జబ్బు.

మన దేశంలో 27 ఐసీయూలు కలిసి ఇలాంటి కేసులు లెక్కవేశాయి. చండీగఢ్ పీజీఐలో ఫంగస్ విభాగాన్ని నడిపిన డాక్టర్ అరుణలోక్ చక్రవర్తి బృందం 2015లో ఆ ఫలితాలు ప్రచురించింది. 1,400 మంది రోగులు. ఐసీయూలో చేరిన ప్రతి వెయ్యిమందిలో ఆరుగురికి పైగా. నెల తిరిగేలోపు చనిపోయినవాళ్ళు నూటికి నలభై దాటారు. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది మరో సంగతి. పాశ్చాత్య దేశాల పుస్తకాలు కాండిడా అంటే ముందు ఆల్బికన్స్ అని నేర్పుతాయి. మన ఐసీయూల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికింది ట్రాపికాలిస్. మొత్తం మీద ముప్పైకి పైగా జాతులు బయటపడ్డాయి. పుస్తకం చూసి ఊహించేవాడికి మన దేశంలో మార్కులు రావు.

ఇక్కడ ఒక తెలుగువాడి ప్రస్తావన తేవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్నప్పుడు అక్కడ రెండు మందులు పుట్టాయి. ఒకటి ఆరియోమైసిన్, అనేక రకాల బాక్టీరియాను ఒకేసారి చంపే యాంటీబయాటిక్. బెంజమిన్ డగ్గర్ కనిపెట్టాడు, 1948లో లోకానికి తెలిసింది. రెండోది అమినోప్టెరిన్, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. రక్తకేన్సర్ పిల్లల మీద బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ వాడి ఫలితం చూపించింది కూడా 1948లోనే. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయారు. ఈ రెండు దారుల మందులు ఎన్ని కోట్ల ప్రాణాలు నిలిపాయో చెప్పలేం. అయితే నేను ఇందాక చెప్పిన రోగుల్లో ఈస్ట్‌కు తలుపు తెరుస్తున్నవి కూడా ఈ రెండు దారులే. పేగులోని బాక్టీరియాను తుడిచేసే యాంటీబయాటిక్ ఒకటి, తెల్లకణాలను పడగొట్టే కీమో ఇంకొకటి. దీన్ని ఆయన తప్పుగా చెప్పడం లేదు. ప్రాణం పోయేవాళ్ళను బతికించడం నేర్చుకున్నాం కాబట్టే ఈ జబ్బు వచ్చేంతకాలం వాళ్ళు బతికి ఉంటున్నారు. పూర్వం ఆ అవకాశమే లేదు.

అదే కాలంలో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఇద్దరు మహిళలు ఫంగస్‌కు మందు వెతుకుతున్నారు. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో మట్టి నమూనాలు పరీక్షించేది. పనికొచ్చేది కనబడితే సీసాలో పెట్టి ఆల్బనీలో ఉన్న రేచల్ బ్రౌన్‌కు పోస్టులో పంపేది. ఆమె అందులోంచి మందును వేరుచేసి తిరుగుటపాలో పంపేది. వర్జీనియాలో ఒక పొలం మట్టిలో దొరికిందే నిస్టాటిన్. 1950లో ప్రకటించారు. పసిబిడ్డ నోట్లో తెల్లపూతకు ఇప్పటికీ చుక్కలుగా వేస్తున్నాం. రాయల్టీ సొమ్ము కోటి ముప్పై లక్షల డాలర్లకు పైనే వస్తే, ఇద్దరూ పైసా ఇంటికి తీసుకుపోకుండా పరిశోధనలకు ఇచ్చేశారు. సుబ్బారావుగారి పేరు కూడా ఫంగస్ లోకంలో నిలిచింది. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధిచేసే వడపోత రాళ్ళ మీద దొరికిన కొత్త ఫంగస్‌కు సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు. భీమవరంలో ఎంతమందికి తెలుసో!

ఇక ల్యాబులోకి వెళదాం. నర్సింగ్ అమ్మాయిలు, ఇది మీకోసం కొంచెం నెమ్మదిగా చెబుతాను.

పని మొదలయ్యేది రోగి మంచం దగ్గర. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, తడి ఆరేదాకా ఆగి, పెద్దవాళ్ళకైతే సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. అలా రెండు జతల సీసాలు, రెండు వేర్వేరు చోట్ల నుంచి. మన దగ్గర జరిగేదేమిటంటే, రోగి చుట్టాలు ‘ఇంత రక్తం లాగేస్తున్నారే’ అని గొడవ పడతారేమోనని మూడు మిల్లీలీటర్లు తీసి సరిపెడతారు. రక్తంలో ఈస్ట్ కణాలు చాలా పలుచగా ఉంటాయి, తక్కువ తీస్తే ఒక్కటి కూడా సీసాలో పడకపోవచ్చు. అన్నీ సరిగా చేసినా బ్లడ్ కల్చర్ సుమారు సగం కేసుల్నే పట్టుకుంటుందన్నది ఈ రంగంలో ఒప్పుకున్న మాట. ఆ సగాన్ని మనం చేజేతులా పావు చేసుకోకూడదు. సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. రాత్రి తీసి పొద్దున పంపుదామని ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలు నేను చాలా చూశాను.

ల్యాబులో సీసాను యంత్రంలో పెడతారు. లోపల పెరుగుదల మొదలైతే గాలి మారుతుంది, యంత్రం కూత పెడుతుంది. ఈస్ట్ అయితే సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు, కొన్ని ఇంకా ఆలస్యం. కూత వినగానే ఒక చుక్క తీసి స్లైడు మీద పరిచి గ్రామ్ స్టెయిన్ చేస్తాం. బాక్టీరియా అయితే చుక్కల్లా పుల్లల్లా సన్నగా కనబడతాయి. ఈస్ట్ అలా కాదు. వాటికంటే నాలుగైదు రెట్లు పెద్దగా, ముదురు ఊదారంగులో, కోడిగుడ్డు ఆకారంలో, ఒక పక్కన మొగ్గతో ఉంటుంది. అది కనబడగానే టెక్నీషియన్ చేయాల్సింది ఫోను. రిపోర్టు టైపు చేసి రేపు పంపడం కాదు. 2006లో గేరీ అనే ఆయన బృందం 230 మంది రోగుల మీద లెక్క చెప్పింది. కల్చర్ తీసిన రోజే మందు మొదలైనవాళ్ళలో నూటికి 15 మంది పోయారు. ఒక రోజు ఆలస్యమైతే 24, రెండు రోజులైతే 37, మూడు రోజులు, ఆపైన అయితే 41. ఇంత సూటిగా గంటల విలువ చెప్పే లెక్క వైద్యంలో అరుదు.

ఇంకొక మాట. కల్చర్‌లో బాక్టీరియా వస్తే ఒక్కోసారి చర్మం మీది మురికి కలిసిందని పక్కన పెట్టొచ్చు. ఈస్ట్ ఒక్క సీసాలో వచ్చినా పక్కన పెట్టడానికి లేదు. జబ్బు కిందే లెక్క.

మరి చాలా ల్యాబులు ఇక్కడ ఏం చేస్తాయి? ‘ఈస్ట్ కనిపించింది’ అనో, ‘కాండిడా జాతి’ అనో రాసి చేతులు దులుపుకుంటాయి. డాక్టరు ఫ్లూకొనజోల్ రాస్తాడు, చవక కదా. ఆల్బికన్స్ అయితే ఎక్కువసార్లు తగ్గుతుంది. క్రూసై అయితే ఫ్లూకొనజోల్ పనిచేయదు. ట్రైకోస్పోరాన్ అయితే ఖరీదైన ఎకైనోకాండిన్ ఇంజక్షన్లు ఎన్ని ఎక్కించినా దండగ, దానికి వోరికొనజోల్ కావాలి. రోడోటొరులా అయితే ఫ్లూకొనజోలూ పారదు, ఎకైనోకాండినూ పారదు, ఆంఫోటెరిసిన్ కావాలి. కాబట్టి జాతి పేరు అనేది మందుల చీటీలో మొదటి పంక్తి.

పేరు తేల్చడానికి ఖరీదైన యంత్రాలే ఉండాలని లేదు. కాలనీ నుంచి కొంచెం తీసి అర మిల్లీలీటరు మనిషి సీరంలో కలిపి 37 డిగ్రీల్లో రెండు మూడు గంటలు ఉంచండి. కణం నుంచి నొక్కు లేకుండా సన్నని గొట్టం (దీన్నే జర్మ్ ట్యూబ్ అంటాం) సాగితే అది ఆల్బికన్స్, లేదా దాని అచ్చమైన జోడు డబ్లినెన్సిస్. మొదట్లో నొక్కు పడి సాగితే ట్రాపికాలిస్ అని అనుమానించాలి. రంగుల అగార్ ప్లేటు మీద ఆల్బికన్స్ ఆకుపచ్చగా, ట్రాపికాలిస్ నీలంగా, క్రూసై పొడిబారిన గులాబీ రంగులో వస్తుంది. రోడోటొరులాకు ఏ రంగు ప్లేటూ అక్కర్లేదు, మామూలు సాబురాడ్ ప్లేటు మీదే పగడం రంగు తిరుగుతుంది. ట్రైకోస్పోరాన్ పోగులు ముక్కలు ముక్కలుగా తెగి కనబడతాయి, యూరియేజ్ పరీక్షలో గులాబీ రంగు ఇస్తుంది. కోడమియా ఒమెరి అనే అరుదైనదొకటి ఉంది. ఉప్పునీటిలో ఊరిన దోసకాయల నుంచి మొదట వేరుచేశారు, పచ్చళ్ళ పరిశ్రమకు పనికొచ్చే ఈస్ట్. అది రంగుల ప్లేటు మీద మొదట గులాబీగా వచ్చి, ఒకటి రెండు రోజుల్లో నీలానికి తిరుగుతుంది. పొద్దున చూసి ప్లేటు పారేసిన ల్యాబు దాన్ని పట్టుకోలేదు.

మాలసీజియా సంగతి ఇంకా చిత్రం. చుండ్రులో ఉండే ఈస్ట్ ఇది, కొవ్వు లేనిదే బతకదు. కొవ్వు సెలైన్ ఎక్కించే నెలతక్కువ బిడ్డల లైన్‌లో పట్టుకుంటుంది. మామూలు ప్లేటు మీద చాలామటుకు మొలవదు. స్లైడు మీద ఈస్ట్ కనబడి ప్లేటు ఖాళీగా ఉంటే, ప్లేటు మీద కొంచెం ఆలివ్ నూనె పూసి మళ్ళీ పెట్టమని నేను మా ల్యాబు పిల్లలకు చెప్పేవాణ్ణి.

ఇప్పుడు మాల్డి-టాఫ్ అనే యంత్రం వచ్చింది. కణాన్ని లేజర్‌తో కొట్టి అందులోని ప్రోటీన్ల బరువుల వరుసను చదువుతుంది, నిమిషాల్లో పేరు చెబుతుంది. ఈ దారి తెరిచిన వారిలో ఒకరైన జపాన్ ఇంజినీరు కోయిచి తనాకాకు 2002లో నోబెల్ ఇచ్చారు. కానీ అది రేషన్ షాపులో వేలిముద్ర యంత్రం లాంటిది. జాబితాలో ముద్ర ఉంటేనే మనిషిని గుర్తిస్తుంది. ఆ లోటు ఎంత ప్రమాదమో చెప్పడానికి ఆరిస్ కథకు మించింది లేదు.

2009లో టోక్యోలో 70 ఏళ్ళ ఒక వృద్ధురాలి చెవిలో కొత్త ఈస్ట్ దొరికింది, కాండిడా ఆరిస్ అన్నారు. రెండేళ్ళకు దక్షిణ కొరియా వాళ్ళు తాము దాచిపెట్టిన పాత నమూనాలు తీసి చూస్తే 1996 నాటి రక్తంలో ఇదే ఉంది. అప్పట్లో పేరు తేలక అలమారాలో ఉండిపోయింది. 2013లో ఫంగస్ నిపుణురాలు డాక్టర్ అనురాధా చౌదరి బృందం ఢిల్లీలోని రెండు ఆసుపత్రుల్లో 12 మంది రోగులలో దీన్ని చూపించింది. అంతదాకా మన ల్యాబుల యంత్రాలు దాన్ని ఏమని పిలిచాయి? వైటెక్ యంత్రం కాండిడా హెమ్యులోనై అంది. ఏపీఐ అనే పరీక్ష స్ట్రిప్పు రోడోటొరులా గ్లూటినిస్ అంది. రోడోటొరులా అయితే పగడం రంగులో ఉండాలి కదా, ఈ కాలనీ తెల్లగా ఉందేమిటి అని అడిగిన టెక్నీషియన్‌కు దొంగ దొరికేవాడు. యంత్రం చెప్పిందే వేదం అనుకున్నవాడి చేతిలోంచి జారిపోయాడు. నేను మొదట్లో చెప్పిన పట్టుదల ఇలాంటి చోటే కావాలి.

తర్వాత పాత నమూనాలు తిరగేస్తే, ఇందాక చెప్పిన ఆ 27 ఐసీయూల్లో 19 చోట్ల ఆరిస్ ఉంది. మన దేశపు ఆరిస్ నమూనాల్లో పదింట తొమ్మిది ఫ్లూకొనజోల్‌కు లొంగలేదు. పైగా ఇది మంచం కమ్మీల మీద, బీపీ పట్టీల మీద రోజుల తరబడి బతుకుతుంది, ఒక రోగి నుంచి ఇంకొకరికి పాకుతుంది. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర ఫంగస్‌ల జాబితా తయారుచేసి దీన్ని మొదటి వరసలో పెట్టింది. ఈమధ్య దీనికి కాండిడోజైమా అని కొత్త పేరు పెట్టారు. పేర్లు మార్చే పండితులకో దండం. రిపోర్టులో పాతదీ కొత్తదీ రెండూ రాయండి, లేకపోతే డాక్టరు కొత్త జబ్బనుకుంటాడు.

చేతుల ద్వారా పాకడం ఆరిస్‌తో మొదలవలేదు. 1996 ఏప్రిల్ నుంచి 1998 ఫిబ్రవరి దాకా చండీగఢ్‌లో పిల్లల ఆసుపత్రిలో 379 మంది పసివాళ్ళకు పికియా అనోమలా అనే ఈస్ట్ సోకింది. అప్పటిదాకా పుస్తకాల్లో ఒక మూల ఉండే పేరు అది. సిబ్బంది చేతుల మీద దొరికింది. చేతుల శుభ్రత నేర్పి, ముందుజాగ్రత్త మందులు ఇచ్చాకే ఆగింది. జాతి పేరు తేల్చకుండా ఉంటే అవన్నీ విడివిడి కేసులనుకునేవాళ్ళు.

రక్తంలోకి దిగగల ఈస్ట్ ఇంకొకటి మన ఊళ్ళో మందులషాపులో ఉంది. విరేచనాలకు ఇచ్చే ప్రొబయోటిక్ పొట్లాలు కొన్నిటిలో సాకరోమైసిస్ బులార్డి అనే బతికున్న ఈస్ట్ ఉంటుంది. బయట తిరిగే మనిషికి పర్వాలేదు. సెంట్రల్ లైన్ ఉన్న రోగి పక్కన నిలబడి ఆ పొట్లం చించితే పొడి గాలిలో లేచి, చేతికంటుకుని లైన్ ద్వారా రక్తంలోకి పోయిన కేసులు లోకమంతా రాశారు. పొట్లం వేరే గదిలో చించండి, గ్లవ్స్ వేసుకోండి. ఐసీయూ రోగికి అసలు ఇవ్వకపోవడం ఇంకా మంచిది.

సముద్రం పక్కన కూర్చున్నాం కాబట్టి సముద్రం మాట. ఆరిస్ ఆసుపత్రిలోకి ఎక్కడినుంచి వచ్చిందని చాలాకాలం వెతికారు. 2021లో అనురాధా చౌదరి బృందమే అండమాన్ తీరంలో, మనిషి తిరగని ఉప్పు చిత్తడిలోనూ, జనం తిరిగే ఇసుక ఒడ్డునా దాన్ని పట్టుకుంది. చిత్తడిలో దొరికిన వాటిలో ఒకటి మందులకు లొంగింది, వేడిలో నెమ్మదిగా పెరిగింది. అంటే ఆసుపత్రి రుచి ఎరగని పాత రకం కావచ్చు. లోకం వేడెక్కుతుండగా ఇలాంటి ఫంగస్‌లు మన ఒంటి వేడికి అలవాటు పడుతున్నాయని ఆర్టురో కాసడెవాల్ అనే శాస్త్రవేత్త వాదన. నాకు అది నమ్మదగిందిగానే ఉంది, రుజువు ఇంకా పూర్తి కాలేదు. కోడూరు బీచికి వెళ్ళడం మానేయమని ఎవరూ అనుకోవద్దు! చిత్తడిలోని ఈస్ట్ ఆరోగ్యవంతుణ్ణి ఏమీ చేయదు. అదే బంగాళాఖాతం మన ఒడ్డునా ఉంది కాబట్టి మన ఉప్పు కయ్యల్లో, మడ చెట్ల కింద కూడా ఎవరైనా వెతికితే బాగుంటుందని మాత్రం నా కోరిక. మెడికల్ కాలేజీ పిల్లలకు మంచి ప్రాజెక్టు.

రైతులకూ ఒక మాట ఉంది. వరిలో పాముపొడ తెగులుకు మీరు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, మేము రోగికి ఇచ్చే ఫ్లూకొనజోల్, వోరికొనజోల్ ఒకే కుటుంబం. పొలంలో ఆ మందుకు రాటుదేలిన ఆస్పెర్‌జిల్లస్ బూజు మన దేశంలోనూ దొరికింది. తెగులు లేకపోయినా ముందుగానే ఒక కొట్టుడు కొట్టేద్దాం అనే అలవాటు మానితే ఖర్చు తగ్గుతుంది, మాకూ మేలు.

రొయ్యల చెరువులవాళ్ళకు నచ్చే సంగతి కూడా చెబుతాను. ఈస్ట్‌తో రక్తకణాలు పోరాడడాన్ని 1884లో మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త చూసింది మనిషిలో కాదు, రొయ్యకు చుట్టమైన నీటి పురుగులో. సూదిలాంటి ఈస్ట్ విత్తనాలు పేగు పొడుచుకుని రాగానే కణాలు చుట్టుముట్టి మింగడం మైక్రోస్కోపులో చూశాడు. 1908లో నోబెల్ వచ్చింది. ఆయన పేరు పెట్టుకున్న ఆ ఈస్టే తర్వాత తైవాన్‌లో మంచినీటి రొయ్యలను, మీరు స్కాంపి అనేవాటిని, దెబ్బతీసింది.

ఇక మనం చేయగలిగింది. ఈ జిల్లాలో పల్లెవైద్యానికి ఒక చరిత్ర ఉంది. నెల్లూరు ప్రజావైద్యశాలలో డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డిగారు పల్లెల కుర్రాళ్ళకు వైద్యం నేర్పి తిరిగి పల్లెలకే పంపారు. ఆ బాటలో వచ్చిన ఆర్‌ఎంపీలు ఈ సభలో కూడా ఉన్నారు. అన్నలారా, ఈ జబ్బును మీరు నయం చేయలేరు, చేయబోవద్దు. కానీ పెద్దాసుపత్రి నుంచి డిశ్చార్జి అయి వచ్చినవాడికి, డయాలసిస్ మీద ఉన్నవాడికి, కీమో నడుస్తున్నవాడికి జ్వరం వస్తే చలిజ్వరమని మోనోసెఫ్ గుచ్చి పంపకండి. ఏ ఇంజక్షనూ వేయకముందే నెల్లూరు పంపండి, బ్లడ్ కల్చర్ తీయమని చీటీలో రాయండి.

ల్యాబు పిల్లలకు: కాండిడా అని రాసి ఆగకండి. జర్మ్ ట్యూబ్, రంగుల ప్లేటు మన స్థోమతలోనే ఉన్నాయి. వాటికి లొంగనిది, యంత్రం చెప్పిందీ కంటికి కనబడేదీ కలవనిది వస్తే పారేయకండి. చండీగఢ్ పీజీఐలో రోగకారక ఫంగస్‌ల జాతీయ భాండాగారం ఉంది, పంపితే జన్యువు చదివి పేరు చెబుతారు. నమూనాను దాచండి.

నర్సమ్మలకు: కల్చర్‌లో ఈస్ట్ వచ్చిందని ఫోను రాగానే లైన్ తీయొచ్చా అని డాక్టరును అడగండి, కంటి డాక్టరు చేత రెటీనా చూపించారా అని అడగండి, రక్తం శుభ్రపడేదాకా మళ్ళీ మళ్ళీ కల్చర్ తీస్తున్నారా అని అడగండి. రక్తం శుభ్రపడిన రోజు నుంచి రెండు వారాలు మందు నడవాలి, జ్వరం తగ్గిందని ఆపేయకూడదు.

ఇక రోగి తరఫున వచ్చే మీ అందరికీ ఒక విన్నపం. రిపోర్టులో ఈస్ట్ అని ఉంటే ‘ఏ ఈస్ట్ సార్?’ అని అడగండి. అడిగే హక్కు మీకుంది, చెప్పే బాధ్యత మాది.